ముత్తెం మేత చప్పుడు

మా ఊరివాళ్లు నన్ను ఇప్పటికీ "దుబాయ్‌ల ఒంటెలు కాసొచ్చిన లింబాద్రి" అనే అంటారు. కోరుట్ల బస్టాండులో ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే మా బావమరిది కూడా అదే మాట అంటాడు. ఒంటెల దగ్గర పనిచేసింది నిజమే. కానీ అది మొదటి కొన్నేళ్లే. ఆ తర్వాత అరవై నిండి వీసా ఆగిపోయేదాకా రాస్ అల్ ఖైమా కొండల కింద ఒక కఫీల్ గారి మజ్రాలో, అంటే వీసా ఇచ్చిన యజమాని సొంత తోటలో, జంతువుల సంరక్షకుడిగా ఉన్నాను. అందులోనూ నా చేతికింద ఉన్నవి పార్మా వాలబీలు, కంగారూల చుట్టాల్లో చిన్నవి. ఈ సంగతి మా బావమరిదికి చాలాసార్లు చెప్పాను. అతను గుర్తుపెట్టుకోడు. గుర్తుపెట్టుకోలేదన్నది నేను మరిచిపోను.

దుబాయ్ వెళ్లకముందు నేను మా మండలంలో గోపాలమిత్రగా తిరిగినవాణ్ని. ఆవులకు సూదులు, గర్భధారణ, ఈతలు అన్నీ చూశాను. ఈమధ్య ఆ పని తెలిసిన పడుచువాళ్లు కొందరు ఇలాంటి తోటలకు వీసాలు తీసుకుని వెళుతున్నారు. ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి "కాకా, ఆడ పని ఎట్లుంటది" అని అడిగారు. గది ఎలా ఉంటుంది, సెలవు ఎప్పుడిస్తారు అన్నవి ఏజెంటు చెబుతాడు. ఏజెంటు చెప్పనివి రాస్తున్నాను. అందులో నా ఫిర్యాదులు కూడా వస్తాయి. వాటిని తీసేసి రాస్తే నా ఉద్యోగంలో సగం పోతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. అక్కడ ముత్తెం అని ఒక ఆడ వాలబీని వదిలి వచ్చాను. దాని నోటికి ఎవరూ రొట్టె అందించకుండా ఉండాలన్నదే నాకు మిగిలిన బెంగ. ఇది చదివినవాళ్లకు విచిత్రంగా ఉండవచ్చు. కింద అంతా చదివితే ఉండదు.

కంగారూ పిల్ల కాదు

2020 మొదట్లో చెక్కపెట్టెల్లో ఆరు వచ్చాయి. తలుపు తీయగానే దూకుతాయని మేమంతా దూరంగా నిలబడ్డాం. ఒక్కటీ రాలేదు. ఎండ తగ్గాక ఒక ముక్కు, దాని వెనక రెండు చెవులు బయటికి వచ్చాయి. కుందేలు కన్నా పెద్దది, ఎదిగిన మేక కన్నా బాగా చిన్నది. గోధుమరంగు వీపు. మెడ నుంచి భుజాల మధ్యదాకా నల్లటి చార. చెంప మీద తెల్లటి గీత, గొంతు కింద అంతా తెలుపు. వెనక్కాళ్ల మీద నిలబడి, ముందు చేతులు పొట్ట మీద పెట్టుకుని, పెళ్లికి ముందే వచ్చేసిన చుట్టంలా అటూ ఇటూ చూసింది.

నా పక్కన గంగారాం ఉన్నాడు. మెట్‌పల్లి వైపువాడు, తోటలో దాణా మోసే పని, ఇద్దరు పిల్లల తండ్రి. ఏది చూసినా ఒక మాట అననిదే ఊరుకోడు.

"గీ ఎల్కల కోసం ఇమానం పెట్టిర్రా అన్నా? మా పొలంల గిసొంటివి ఊకెనే దొర్కుతయ్."

అందరూ నవ్వారు. ఆ సాయంత్రం నుంచి నాకు "ఎల్కల సారు" అని పేరు పడింది. నేను అక్కడినుంచి వచ్చేదాకా అది పోలేదు.

వారానికొకసారి వచ్చే పశువైద్యురాలు సూడాన్ దేశస్థురాలు. మేమంతా డాక్టరమ్మ అనేవాళ్లం. హిందీ, ఇంగ్లీషు కలిపి ఓపికగా చెప్పేది. ఆమే నాకు వీటి కథ చెప్పింది. ఆస్ట్రేలియా తూర్పు అడవుల్లో పుట్టిన జాతి ఇది. ఒకప్పుడు ఇక ఈ లోకంలో లేదనే అనుకున్నారట. తర్వాత న్యూజీలాండ్ దగ్గర ఒక దీవిలో కనిపించాయి. ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలితే అక్కడ పెరిగాయి. మొక్కలు పాడు చేస్తున్నాయని ఆ దీవి జనం వాటిని కాల్చి చంపుతున్నారు. అవి ఏ జాతివో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత సొంత అడవుల్లో వెతికితే అక్కడా కొన్ని మిగిలి ఉన్నాయట. సొంత దేశం లెక్కలోంచి తీసేసినవి పరాయి నేల మీద, అక్కడివాళ్ల చేత తిట్లు తింటూ బతికి ఉన్నాయన్నమాట. ఆ కథ విన్నాక వాటి మీద నాకు పక్షపాతం పుట్టింది. దాన్ని దాచుకోలేదు.

అలాంటి జంతువు కంచె ముందు అరబ్బీలో, ఇంగ్లీషులో "కంగారూ పిల్ల" అని బోర్డు పెట్టారు. అది తప్పని మా ముదీర్, అంటే మేనేజరు, ముజీబ్ సాబ్‌కు చెప్పాను. ముజీబ్ సాబ్ హైదరాబాద్ మనిషి. తెలుగు పూర్తిగా వస్తుంది. తెలుగు కూరగాయలవాళ్లతో ఫోనులో గడగడా బేరాలాడటం నా చెవులతో విన్నాను. నాతో మాత్రం తెలుగులో మాట్లాడేవాడు కాదు.

"మెహమాన్ కో కంగారూ మాలూమ్ హై. తేరా వో దూస్రా నామ్ కిస్కో మాలూమ్?" అన్నాడు. వచ్చే అతిథులకు కంగారూ అంటే తెలుసు, నువ్వు చెప్పే పేరు ఎవరికి తెలుసు అని.

తెలియకపోతే బోర్డు చూసి తెలుసుకుంటారు, బోర్డు ఉన్నది అందుకే కదా అన్నాను. అతను ఫోను చూసుకున్నాడు. ఆ తర్వాత అడగాల్సిన ప్రతి సందర్భంలోనూ అడిగాను. బోర్డు మారలేదు.

తరమొద్దు

అవి వచ్చిన కొత్తలోనే, చలికాలం ఇంకా పోకముందు, కఫీల్ బంధువులు పిల్లలతో వచ్చారు. ఒకదాన్ని పట్టి తెమ్మని, పిల్లలు నిమరాలని ముజీబ్ సాబ్ ఆజ్ఞ. వీటిని తరిమి పట్టుకోకూడదని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. అదే చెప్పి నేను చెయ్యనన్నాను. అయితే పక్కకు తప్పుకో అని ఇద్దరు లోడింగ్ మనుషుల్ని లోపలికి పంపాడు. వాళ్లు ఒక మగదాన్ని కంచె పొడుగునా ఉరికించి ఉరికించి గోనెసంచితో పట్టారు. పిల్లలు నిమిరారు. తెచ్చి వదిలారు. ఆ సాయంత్రం అది మేత కూడా తిన్నది.

"దేఖా?" అన్నాడు ముజీబ్ సాబ్ నాతో, ఏమీ కాలేదు చూశావా అన్నట్టు.

రెండు మూడు రోజులకు దాని వెనక్కాళ్లు బిగుసుకుపోయాయి. మూత్రం నల్లగా వచ్చింది. లేవలేదు. భయంతో ఉరికితే వీటి కండలు లోపలే చితికిపోతాయని, ఆ విషం మూత్రపిండాలకు పోతుందని, అందుకే పట్టినరోజు కాక తర్వాత చస్తాయని డాక్టరమ్మ చెప్పింది. కఫీల్‌కు మాత్రం ఎండదెబ్బ అని చెప్పారు. చలికాలంలో ఎండదెబ్బ. ఆ మాట విన్నవాళ్లలో నవ్వు ఆపుకోనవసరం లేనివాడు కఫీల్ ఒక్కడే, ఎందుకంటే ఆయన నమ్మాడు.

కొత్తగా వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. వీటి దగ్గరికి మీరు వెళ్లకూడదు. అవే రావాలి. రోజూ ఒకే చోట, అటు తిరిగి కూర్చోవాలి. బకెట్‌ను వేలితో మెల్లగా కొట్టాలి. మొదటి నెల ఏమీ జరగదు. మీతో ఉన్నవాళ్లు "పని లేక కూర్చున్నాడు" అంటారు. నన్ను అన్నారు. అనిపించుకోండి. ఒకరోజు మీ వీపు వెనక ఊపిరి వినబడుతుంది.

ఎవరూ రాని ఎండాకాలం

ఆ వెంటనే కరోనా వచ్చింది. అతిథులు ఆగిపోయారు. ముజీబ్ సాబ్ షార్జాలో ఇంటికే పరిమితమయ్యాడు. తోటలో మిగిలింది నేను, గంగారాం, వంటగదిలో మరియమ్మ, ఇంకో ఇద్దరు తోటపనివాళ్లు. దుబాయ్ సోనాపూర్ కూలీల క్యాంపుల్లో మావాళ్లు ఒకే గదిలో పదిమంది ఇరుక్కుని జ్వరాలతో పడి ఉన్న రోజులవి. వాళ్ల ఫోన్లు వస్తే మోగి మోగి ఆగబోయే ముందు తీసేవాణ్ని.

మా ఇంటిది రోజూ ఫోను చేసి ఏడ్చేది. "సచ్చినా బతికినా ఈడ ఉందువు, అచ్చెయ్" అనేది. విమానాలు లేవు. ఉన్నా ఏమో. ఆ ఎండాకాలం నా జీవితంలో అతి ప్రశాంతమైన కాలమని ఆమెతో చెప్పగలనా?

ఆ కంచెలో గాఫ్ చెట్లు ఉండేవి. గాఫ్ అంటే మన జమ్మి చెట్టే. మొదటిసారి చూసినరోజు ఆకు తుంచి వాసన చూసి నిలబడిపోయాను. ఎండ పెరగ్గానే వాలబీలు ఆ చెట్ల కింద గుంటలు చేసుకుని పడుకునేవి. వేడెక్కితే ముందు చేతుల్ని నాకి తడి చేసుకునేవి, ఆ తడి ఆరుతుంటే వాటికి చల్లగా ఉంటుంది. మేం పైపులు కట్టి మంచులా నీళ్లు చల్లేవాళ్లం. కార్ల చప్పుడు లేదు. "కంగారూ, కంగారూ" అని అరిచే పిల్లలు లేరు. సాయంత్రం వాటి నడుమ కూర్చుంటే చుట్టూ నమిలే చప్పుడు తప్ప ఏదీ ఉండేది కాదు. వానాకాలం పొద్దుల్లో మా కొట్టంలో గేదెలు నెమరేసే చప్పుడు పెద్దది. ఇది దాని మనవరాలంత ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ ఆపినప్పుడల్లా ఆ చప్పుడు కోసం నా చెవి వెతుకుతుంది. టీవీ ఎందుకు ఆపుతావని ఇంట్లో గొడవ.

ఆ వేసవి చివర ఒక తల్లి సంచిలో కదలిక కనిపించింది.

రొట్టె సంచి

తోటలో రొట్టె చెత్తలో పడేయరు. అది దేవుడిచ్చింది, నేల మీద పడితే తీసి పక్కన పెడతారు. మిగిలిన ఖుబ్జ్ రొట్టెలన్నీ ఒక సంచిలో వేసి వంటగది బయట కొక్కేనికి తగిలిస్తారు, జంతువులకు పోతుందని. ఈ పద్ధతి కఫీల్ ఇంటివాళ్లది. మనవాళ్లు దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. అన్నం మెతుకు కిందపడితే కళ్లకద్దుకునే మనుషులం. పోతూ వస్తూ సంచిలోంచి ఒక రొట్టె తీసి ఏదో ఒక నోటికి పెట్టనిదే ఎవరికీ తోచదు. మేకలు తినేవి, కోళ్లు తినేవి, ఒంటె తినేది.

వాలబీకి అది విషం. మెత్తటి రొట్టె పళ్ల సందుల్లో అంటుకుంటుంది, కుళ్లుతుంది, చిగుళ్లు పుండవుతాయి, ఆ పుండులోంచి రోగం దవడ ఎముకలోకి దిగుతుంది. పైకి చిన్న వాపు. లోపల ఎముక పోతుంది. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించింది. నేను వెళ్లి వంటగదిలో చెప్పాను.

మరియమ్మ నరసాపురం వైపు మనిషి. ముగ్గురు ఆడపిల్లల్ని అక్కడినుంచే చదివించుకున్న గట్టి మనిషి. నోరు ఇంకా గట్టిది.

"ఏవండీ లింబాద్రిగారూ, మేకలు తింటన్నాయి, కోళ్లు తింటన్నాయి. మీ బంగారుకొండలకే పనికిరాలేదా అండి మా రొట్టె?"

"మెత్తగుంటది, పంటికి అంటుకుంటది మరియమ్మా. దవడ కుళ్లుతది."

"రొట్టె తింటే దవడ కుళ్లిపోద్దా? మీరు రోజుకి నాలుగు లాగిస్తన్నారు కదండీ, మీ దవడ ఏం కుళ్లలేదే. బానే ఆడతంది."

వంటగది అంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ల పేర్లు వరసగా చెప్పగలను.

నేను సంచిని ఆ కొక్కెం నుంచి తీసి దూరంగా మేకల దొడ్డి దగ్గర కట్టాను. మర్నాడు మళ్లీ పాత చోటే ఉంది. మళ్లీ తీశాను. "రొట్టెను అవమానం చేస్తున్నాడు" అని మాట పుట్టింది. నాతో పలకడం మానేసినవాళ్లున్నారు. నేను కూడా మానేశాను. ఇందులో నాది తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆంక్షలు ఎత్తేశారు, అతిథులు తిరిగి మొదలయ్యారు. ఒక పొద్దున ఆ తల్లి వాలబీ మేతను నోట్లో పెట్టుకుని, నమలకుండా వదిలేసింది. దవడ కింద చింతగింజంత వాపు. ఎండుగడ్డిలో ఎవరో పెట్టిన సగం రొట్టె దొరికింది. ఎవరని నేను అడగలేదు. పెట్టినవాడు పుణ్యమనుకుని పెట్టాడు, నన్ను చూసి దాక్కుంటాడు తప్ప మారడు.

డాక్టరమ్మ సూదులు వేసింది, పుండు కడిగింది, ఏ దారీ వదలలేదు. ఎముక అప్పటికే పోయింది. ఒక పొద్దున వెళ్లేసరికి తల్లి జమ్మి కింద ఒరిగి ఉంది. దాని సంచిలోంచి ఒక చిన్న తల బయటికి చూస్తోంది. కళ్లు తెరిచి ఉన్నాయి. ఒంటిమీద పెసరపొట్టు లాంటి బొచ్చు.

మరియమ్మ కుట్టిన సంచి

తల్లిలేని పిల్లకు వేడి కావాలి, చీకటి కావాలి, గుండె చప్పుడు కావాలి. ఆవుపాలు పట్టకూడదు, విరేచనాలు పడతాయి. ఇవి డాక్టరమ్మ చెప్పినవి, పాలు కూడా ఆమే వేరే రకం తెప్పించింది. గుడ్డసంచి ఒకటి మెడలో వేసుకుని అందులో పెట్టుకోవాలంది. నేను పాత తువ్వాలు ముడేసి కట్టుకున్నాను.

మధ్యాహ్నం మరియమ్మ వచ్చింది. ఆమె చేతిలో రెండు పొరల నేతగుడ్డ సంచి. లోపల కుట్లు తగలకుండా తిరగేసి కుట్టింది. తన పాత చీర.

"ఉతికిందేనండి. సబ్బు వాసన పోవాలని రెండుసార్లు జాడించి ఎండేశాను" అంది. నా చేతిలో పెట్టి, లోపలికి చూడకుండా వెళ్లిపోయింది. రొట్టె మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి వంటగది బయట కొక్కెం ఖాళీగా ఉండేది.

ఎన్నో నెలలు ఆ పిల్ల నా ఛాతీ మీద బతికింది. గంగారాం ఊరుకుంటాడా?

"అన్నా, గీ వయసుల నీకు కాన్పయిందా? పురుడుకు మీ అమ్మగారింటికి పోవా?"

వాణ్ని తిట్టాను. కానీ పాలు కాచే పని రోజూ వాడే చేశాడు. ఇది కూడా రాయాలి.

గొంతు కింద తెల్లటి మచ్చ వల్ల దానికి ముత్తెం అని పేరు పెట్టాను. మరియమ్మ ముత్యం అనేది. నా నోటికి ముత్తెమే. ఒకనాడు అది సంచిలోంచి మెడ చాచి, నా చేతిలోని గడ్డిపోచను లాక్కుని మొదటిసారి నమిలింది. ఆ చప్పుడు నా బనీను లోపలినుంచి వినబడింది. సన్నగా, తడి ఇసుక మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు.

చేత్తో పెంచినదానితో ఒక ప్రమాదం ఉంది, కొత్తవాళ్లు తెలుసుకోవాలి. తల్లి పెంచినది మనిషిని చూస్తే పారిపోతుంది. మనం పెంచినది ప్రతి మనిషీ మనమే అనుకుంటుంది. పెద్దదై మందలో కలిశాక కూడా ముత్తెం, ఎవరు కంచె దగ్గర నిలబడినా వచ్చి చెయ్యి వాసన చూసేది. ఏ చెయ్యైనా మంచిదేనన్న నమ్మకం దానికి. ఆ నమ్మకం నేను నేర్పిందే.

అతిథి చేతిలోది

2022లో ఈద్ రోజున కఫీల్ గారి పెదనాన్న వచ్చాడు. బాగా పెద్దాయన, చేతికర్ర, మడమలదాకా తెల్లటి కందూరా అంగీ. అక్కడ అతిథిని కాదనడం అనేది లేదు. పెద్దాయన జేబులోంచి ఖుబ్జ్ తీసి కంచెలోంచి చెయ్యి పెట్టాడు. ముత్తెం గంతులేస్తూ వచ్చింది.

ఆపమని నోటితో చెప్పే టైము లేదు, చెప్పినా నా అరబ్బీ ఆయనకు అర్థం కాదు. వెళ్లి ఆయన చేతిలోంచి రొట్టె తీసుకున్నాను. తీసుకున్నాక ఏం చేయాలి? పారేస్తే రొట్టెకు అవమానం, జేబులో పెట్టుకుంటే ఆయనకు అవమానం. కళ్లకద్దుకుని నేనే తినేశాను.

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. "మిస్కీన్" అన్నాడు, పాపం అన్నట్టు. ముజీబ్ సాబ్ మొహం మాత్రం మాడిపోయింది.

ఒక గంటకు అతిథులు కూర్చునే మజ్లిస్ నుంచి నా పేరు మీద ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన పళ్లెం వచ్చింది. అన్నం మీద సగం గొర్రె. తిండిలేక జంతువుల రొట్టె గుంజుకున్న మనిషికి పెద్దాయన పంపించాడట. తోటలో అందరూ చుట్టూ కూర్చుని తిన్నారు. నేను ముట్టలేదు.

"అన్నా, రేపు గూడ ఎవల చేతిలనన్న గుంజుకో. రోజు ఏట తింటం" అన్నాడు గంగారాం, మూలగ జుర్రుకుంటూ.

ముజీబ్ సాబ్ నన్ను మేకల దొడ్డికి మార్చాడు. "తేరే జైసే భూకే కో మెహమాన్ కే సామ్నే నై రఖ్తే" అన్నాడు. నాలాంటి ఆకలిగొట్టువాణ్ని అతిథుల ముందు ఉంచకూడదట. నా జీవితంలో ఎన్నో మాటలు పడ్డాను. ఆ ఒక్కటి ఇప్పటికీ గొంతులో ఉంది.

ప్రతి శుక్రవారం కఫీల్ తోటలో నడుస్తాడు. వరసగా కొన్ని శుక్రవారాలు ఆయన దారిలో నిలబడి సలాం చెప్పాను, ఆయన ఆగేదాకా. చివరికి ఆగాడు. నా హిందీ, ఆయన హిందీ కలిపి విషయం చెప్పాను. తల్లి దవడ సంగతి, రొట్టె సంగతి, ఎండదెబ్బ కాదన్న సంగతి కూడా. ఆయన విన్నాడు. నేను పనిచేసిన పెద్దమనుషుల్లో నిలబడి చివరిదాకా విన్నవాడు ఆయన ఒక్కడే.

"మెహమాన్‌ను ఆపొద్దు. ఆకులు పెట్టు. ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటే వాళ్లు ఇవ్వాలనుకున్నదే మరిచిపోతారు" అన్నాడు. "ఖలాస్. నీ చోటికి వెళ్లు."

అప్పటినుంచి కంచె దగ్గర ఒక గంపలో రోజూ తాజా జమ్మి ఆకు ఉండేది. అతిథులు గుప్పెడు తీసి ఇచ్చేవాళ్లు. నేను రెండేళ్లు "వద్దు" అని పోట్లాడాను. ఆయన "ఇది ఇవ్వండి" అన్నాడు. ఆ గంప ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ఖాళీ అయితే చెయ్యి జేబులోకి పోతుంది. మీరు ఎక్కడ పనిచేసినా ఈ ఒక్క మాట తీసుకుపోండి.

ఆ ఏడు దసరాకు నేను, గంగారాం ఆ గంపలోంచే చెరో జమ్మి ఆకు తీసి ఇచ్చిపుచ్చుకున్నాం. మూడో ఆకు ముత్తెం లాక్కుని తినేసింది.

తాళాలు

2024లో నాకు అరవై నిండాయి. వీసా కొత్తది చేయలేదు. అది చట్టం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వెళ్లేరోజు జరిగినదాని మీద ఉంది.

సాయంత్రం మేత వేళకు వీడ్కోలు చెబుదామనుకున్నాను, ఎందుకంటే అవి మేలుకునేది అప్పుడే. ముజీబ్ సాబ్ పొద్దున్నే నా తాళాలు తీసుకుని గంగారాంకు ఇచ్చేశాడు. బండి మధ్యాహ్నానికే పెట్టాడు. విమానం మర్నాడు తెల్లవారుజామున. ఆ మధ్యలోని సమయమంతా నేను విమానాశ్రయం కుర్చీలోనే గడిపాను.

కంచె దగ్గరికి వెళ్లాను. ముత్తెం దూరంగా జమ్మి కింద, అటు తిరిగి పడుకుని ఉంది. చెవులు రెండే కనిపిస్తున్నాయి. పక్కనే నా బకెట్ బోర్లించి ఉంది. వేలితో ఒకసారి కొడితే లేచి వస్తుందని తెలుసు. ఆ ఎండలో, కాలే ఇసుక మీద అంత దూరం వస్తుంది. వచ్చి చూస్తే బకెట్‌లో ఏమీ ఉండదు. కొట్టలేదు.

లోపలికి పోవడానికి తాళాలు గంగారాం జేబులో ఉన్నాయి. వాడు అక్కడే నిలబడ్డాడు. వెనక ముజీబ్ సాబ్ చూస్తున్నాడు. గంగారాం నా మొహం వైపు తిరగలేదు.

"టైమ్ అయితుంది, నడువు" అన్నాడు ముజీబ్ సాబ్.

ఇన్నేళ్లలో ఆ మనిషి నాతో మాట్లాడిన తెలుగు అంతే.

తోటలో ఫొటోలు తీయకూడదు, కఫీల్ ఇంటి ఆడవాళ్లు తిరిగే చోటు కాబట్టి. తీస్తే ఉద్యోగం పోతుంది. ఆ నియమం నేను ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకని ముత్తెం ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. మా మనవరాలు అడిగితే బలపంతో గీసి చూపించాను. "తాతా, ఎలుక" అంది.

గంగారాం ఫోను

ఇంటికి వచ్చాక గంగారాం చాలాసార్లు ఫోను చేశాడు. నేను ఎత్తలేదు. మరియమ్మ మీద కోపం ఒక చీర ముక్కతో పోయింది. వీడి మీద పోలేదు. అడిగితే వీడే చెప్పగలడు ముత్తెం ఎలా ఉందో, ఆ గంపలో ఆకు ఉంటోందో లేదో. అడగడం నా వల్ల కాలేదు. రోజూ సాయంత్రం మేత వేళకు ఫోను చేతిలో పట్టుకుని వాకిట్లో కూర్చునేవాణ్ని. అది మోగేది. మోగి ఆగిపోయేది.

మొన్న ఎందుకో ఎత్తాను.

"అన్నా, కోపం తగ్గిందా ఇంక?"

"ఏం కోపం?"

"నీ కోపం నాకెర్కలేదా? ఆ దినం తాళం తీస్తే ఆ బండిలనే నన్ను గూడ ఎక్కిస్తుండె ముదీర్. ఇద్దరు పోరగాండ్లున్నరన్నా నాకు. సరే, గది ఇడువు. ఇయ్యాల నీ వల్ల తిట్లు తిన్న. గది చెప్దామని చేసిన."

"నా వల్లనా?"

"మరి? ఆకు బండి లేటయింది. గంప ఖాళీ. ఒక పెద్దమనిషి కీసలకెళ్లి ఖుబ్జ్ తీసిండు. నీ బిడ్డ ఉరుక్కుంట అచ్చింది."

నేను లేచి నిలబడ్డాను. "తిన్నదా?"

"ఆగు, చెప్తున్న గదా. ఆయన చేతిలకెళ్లి నేనే తీసుకున్న."

"తీసుకొని?"

"ఏం జేస్త? నువ్వు నేర్పినదే. కండ్లకద్దుకొని తిన్న. కంగారూ కా బచ్చా ఎందుకు తినదని అడిగిండాయన. యే కంగారూ కా బచ్చా నై హై సాబ్, పార్మా వాలబీ హై అని చెప్పిన."

"బోర్డు మార్చిర్రా?"

"యాడిది. బోర్డు గట్లనే ఉంది. నోటితోని చెప్పిన."

"పళ్లెం వచ్చిందా మరి, మజ్లిస్‌కెళ్లి?"

"రాలే. తిట్లే అచ్చినయ్. నా అదృష్టం గట్లుంది."

చాలా రోజుల తర్వాత నవ్వాను. అవతల వాడు కూడా నవ్వాడు.

"యాడున్నవ్?" అని అడిగాను.

"కంచెల్నే ఉన్న. మేతేసిన. నా ముంగటనే కూసున్నది."

"రొట్టె వాసన లేదు గద నీ చేతికి?"

"కడుక్కున్నలే అన్నా."

"ఫోను కింద పెట్టు. దాని దగ్గర పెట్టి నువ్వు అవతలికి జరుగు."

వాడు ఎందుకని అడగలేదు. ఇసుకలో ఫోను ఆనిన చప్పుడు, వాడి చెప్పులు దూరంగా పోయిన చప్పుడు. మా ఇంటిది లోపల టీవీ చూస్తోంది. ఆపమని సైగ చేశాను. గొణుక్కుంటూ ఆపింది.

ముందు గాలి. ఆ తర్వాత ఆకు చిరిగిన చప్పుడు. ఆ తర్వాత అది. సన్నగా, తడి ఇసుక మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు. రెండు దవడలూ సమానంగా ఆడుతున్నాయి. ఏ వైపూ ఆగడం లేదు, నోట్లోది ఏదీ వదిలేయడం లేదు. గోపాలమిత్రగా, సంరక్షకుడిగా ఇన్నేళ్లు పశువుల నోళ్లు చూసినవాణ్ని. ఆ చప్పుడుకు ఏ జబ్బూ లేదు.

చెప్పులు వెనక్కి వచ్చాయి.

"ఇనవడ్డదా అన్నా?" అన్నాడు గంగారాం.

బాగా వినబడింది.

"లేదు. ఇంకింత దగ్గరికి పెట్టు" అన్నాను.